ట్యాబ్ నొక్కినా పలకని స్క్రిప్టు

హోసూరులో బస్సెక్కి, అత్తిబెలె దాటి బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీకి పనికి పోయే ఇంజనీర్లలో చాలామందికి రోజంతా టెర్మినల్‌తోనే పని. కమాండ్ సగం కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది షెల్ పూర్తి చేస్తుంది. దాని వెనకున్నది కంప్లీషన్ స్క్రిప్టు. ఆఫీసు ఉబుంటులో చక్కగా పలికిన స్క్రిప్టు మ్యాక్‌లో ఒక్కోసారి నోరే మెదపదు. ట్యాబ్ నొక్కినప్పుడు తెర చెదరకూడదని ఎర్రర్లను లోపలే మింగించేస్తారు చాలామంది రచయితలు. దాంతో వాడేవాళ్లు పూర్తి పేరు చేత్తోనే కొట్టుకుంటారు, ఫిర్యాదు చేయరు. రాసినవాళ్లకు లోపం ఏళ్ల తరబడి తెలియదు.

దీనికి పునాది చరిత్రలోనే ఉంది. బ్యాష్ షెల్‌లో ప్రోగ్రామబుల్ కంప్లీషన్ 2000లో, 2.04 వెర్షన్‌తో వచ్చింది. షెల్ ఎలా నడవాలో చెప్పే పోసిక్స్ ప్రమాణం ఈ కంప్లీషన్ జోలికి పోలేదు. అందుకే ఏ షెల్ దారి దానిదే. 2009లో బ్యాష్ 4 వచ్చేసరికి దాని లైసెన్సు జీపీఎల్ మూడో వెర్షన్‌కు మారింది. దాంతో మ్యాక్‌లో యాపిల్ 2006 నాటి 3.2 దగ్గరే ఉండిపోయింది. 2019లో క్యాటలీనాతో డిఫాల్ట్ షెల్‌ను జెడ్‌షెల్‌గా మార్చింది కానీ, ఆ పాత బ్యాష్‌ను మాత్రం అలాగే ఉంచింది.

ఆ 3.2లో లైన్లను అరేలోకి చదివే మ్యాప్‌ఫైల్ లేదు, పేర్లతో వెతికే అసోసియేటివ్ అరే లేదు, కంప్లీషన్ ఆప్షన్లను అప్పటికప్పుడు మార్చే కంప్‌ఆప్ట్ లేదు. మూడూ బ్యాష్ 4తో వచ్చినవే. మ్యాప్‌ఫైల్ చేసే పనిని వైల్, రీడ్ లూపుతో, అసోసియేటివ్ అరే చేసే పనిని చాలాచోట్ల కేస్‌తో చేయవచ్చు. నాలుగు లైన్లు పెరిగినా పాత షెల్‌లో పని జరిగిపోతుంది.

హోసూరు అంగట్లో వ్యాపారి వచ్చిన మనిషిని బట్టి తెలుగులోనో తమిళంలోనో కన్నడంలోనో బేరం మొదలుపెడతాడు. స్క్రిప్టుకూ ఆ తెలివి కావాలి. ‘ఇది మ్యాకా, లినక్సా’ అని అడిగి లాభం లేదు, హోమ్‌బ్రూతో కొత్త బ్యాష్ వేసుకున్న మ్యాక్‌లు ఎన్నో ఉన్నాయి. ‘కంప్‌ఆప్ట్ ఇక్కడ ఉందా’ అని టైప్ కమాండ్‌తో నేరుగా అడగాలి. ఉంటే వాడాలి, లేకపోతే అది లేకుండానే ముందుకు సాగాలి.

కోలన్ సంగతి ఇంకా చిక్కు. బ్యాష్ మామూలుగా కోలన్ దగ్గర మాటను విరగ్గొడుతుంది. కంటైనర్ ఇమేజి పేరు, కోలన్, వెర్షన్ నంబరు కొట్టేటప్పుడు స్క్రిప్టు మొత్తం పేరును తిరిగి ఇస్తే, కోలన్ ముందున్న పేరు తెర మీద రెండుసార్లు పడుతుంది. కొందరు మాటను ఎక్కడ విరగ్గొట్టాలో చెప్పే కంప్‌వర్డ్‌బ్రేక్స్ వేరియబుల్ నుంచి కోలన్‌నే తీసేస్తారు. అది తప్పుడు మరమ్మతు. కంప్లీషన్ ఫంక్షన్ నడిచేది వాడేవాళ్ల సొంత షెల్‌లోనే కాబట్టి, ఆ మార్పు మిగతా కమాండ్ల కంప్లీషన్లకూ తగులుతుంది. ఇచ్చే జవాబులోంచే కోలన్ వరకూ ఉన్న ముందు భాగాన్ని కత్తిరించడం సరైన దారి. బ్యాష్-కంప్లీషన్ ప్రాజెక్టులో అందుకు సిద్ధంగా ఒక ఫంక్షన్ ఉంది. అయితే ఆ ప్యాకేజీ అన్ని మెషీన్లలోనూ ఉంటుందనుకోకూడదు. ఫంక్షన్ వాడేవాళ్ల షెల్‌లోనే నడుస్తుంది కాబట్టి, అది తన లోపలి పనికి వాడుకునే ప్రతి వేరియబుల్‌నూ లోకల్‌గా ప్రకటించాలి.

ఇక మ్యాక్‌లో డిఫాల్ట్ అయిన జెడ్‌షెల్‌లో అరే లెక్క సున్నాతో కాక ఒకటితో మొదలవుతుంది. కోట్స్ లేని వేరియబుల్‌ను అది ఖాళీల దగ్గర విడగొట్టదు. బ్యాష్ స్క్రిప్టును బ్యాష్‌కంపినిట్ సాయంతో అక్కడ నడపవచ్చు గానీ, ఎక్కువమంది వాడే టూల్‌కు జెడ్‌షెల్ కోసం వేరే ఫైలు రాయడమే మర్యాద.

కృష్ణగిరిలో చదువుకునే విద్యార్థి దగ్గర మ్యాక్ లేకపోయినా ఇలాంటి స్క్రిప్టులు రాయడం నేర్చుకోవచ్చు. డాకర్‌లో బ్యాష్ అధికారిక ఇమేజి 3.2 వెర్షన్‌తోనూ దొరుకుతుంది. అది ఆల్పైన్ మీద కట్టింది కాబట్టి గ్రెప్, సెడ్ లాంటివి బిజీబాక్స్‌వి. బిజీబాక్స్ గ్రెప్‌కు తెలియని పెద్ద పీ ఆప్షన్ ఇచ్చే అలవాటు అక్కడే బయటపడుతుంది. ఫైలును అక్కడికక్కడే మార్చే సెడ్ ఆప్షన్ మాత్రం మ్యాక్‌లో వేరుగా నడుస్తుంది. ఆ ఒక్క పరీక్షకు మ్యాక్ ఉన్న మిత్రుడి సాయం అడగాల్సిందే.