ఇద్దరి నడక, ఒకరి గొంతు

తలలు అతుక్కుని పుట్టిన అక్కచెల్లెళ్ల మీద నవల రాయడానికి కూర్చున్న రచయితకు మొదటి పేజీలోనే చిక్కు ఎదురవుతుంది. ఒకరు నేల మీదికి వంగితే రెండోవారు ఏమవుతారు? ఒకరికి నిద్ర ముంచుకొస్తుంటే రెండోవారికి చదువుకోవాలని ఉంటే? లిదియా దిమ్‌కోవ్‌స్కా తన 'రెజెర్వెన్ జివోత్' నవలలో ఈ ప్రశ్నల్ని దాటవేయలేదు. 2012లో వచ్చిన ఈ నవల పేరును తెలుగులో 'అదనపు జీవితం' అనుకోవచ్చు.

దిమ్‌కోవ్‌స్కా 1971లో నేటి ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యేలో పుట్టారు. బుకారెస్ట్‌లో రుమేనియన్ సాహిత్యం మీద పరిశోధన చేసి డాక్టరేట్ అందుకున్నారు. 2001 నుంచి స్లొవేనియాలోని ల్యుబ్ల్యానాలో స్థిరపడ్డారు. దేశాలు మారారు గానీ రాసే భాష మార్చుకోలేదు. మొదట ఆమె కవి. తొలి నవల 2004లో వచ్చింది. ఆమె కవితల్లో పాదాలు పొడవుగా, ఊపిరి సలపకుండా సాగుతాయి. వంటింటి సామాను, దేవుడు, పాస్‌పోర్టు, చావు ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చుంటాయి. వచనంలోకి వచ్చినా ఆ అలవాటు పోలేదు.

నవల 1984 జూన్‌లో, స్కోప్యే శివారులో మొదలవుతుంది. స్రెబ్రా, జ్లాతా పన్నెండేళ్ల పిల్లలు. కణతల దగ్గర తలలు కలిసిపోయాయి. స్నేహితురాలితో కలిసి జోస్యాల ఆట ఆడుతున్నారు. ఎన్నో ఏట పెళ్లవుతుంది, మొగుడి పేరులో మొదటి అక్షరం ఏమిటి, కాపురం ఏ ఊళ్లో, పిల్లలెందరు, ఇదీ ఆట. ఆడపిల్లలున్న ఏ వీధిలోనైనా ఇలాంటిది ఒకటి ఉంటుంది. కానీ ఇక్కడ ఒకరికి ఒక ఊరు పడి, రెండోవారికి ఇంకో ఊరు పడితే ఎలా? ఆ ప్రశ్న రచయిత్రి అడగరు. పిల్లల్ని ఆడుకోనిస్తారు, మన గుండెలో రాయి పడుతుంది. ఇంత పెద్ద నవలకు కావలసిన విషాదమంతా ఒక చిన్న ఆటలో అమర్చిపెట్టిన నేర్పు అది.

కథ చెప్పేది జ్లాతా ఒక్కతే. స్రెబ్రా మనసులోకి మనల్ని ఒక్కసారీ తీసుకెళ్లదు. తల తలకు ఆనుకునే ఉంది, అయినా అవతలి తలలో ఏముందో తెలియదు. జ్లాతా జేబులో తన పేరున్న సాధ్వి చిత్రపటం, మెగ్లెన్ జ్లాతాది, ఎప్పుడూ ఉంటుంది. శరీరంలో సగం పరాయిదయిన పిల్లకు పూర్తిగా సొంతమైన వస్తువు అది. ఆ పటాన్ని గురించి రచయిత్రి ఎంతో చెప్పవచ్చు, చెప్పలేదు. పిల్ల చెయ్యి జేబులోకి వెళ్తుంది, అంతే.

ఈ కవలల్లో చాలామంది విమర్శకులు, అప్పట్లో మాసిడోనియా భాగంగా ఉండి ఆ తర్వాత ముక్కలైన యుగోస్లావియాను చూశారు. చూడకుండా ఉండలేం కూడా. 1991 సెప్టెంబరు 8న మాసిడోనియా ప్రజలు స్వాతంత్ర్యానికి ఓటు వేశారు, నవలలో ఆ కాలమంతా ఉంది. 1996లో లండన్‌లో అక్కచెల్లెళ్లను విడదీసే ఆపరేషన్ జరుగుతుంది. అయితే దేశం కోసం పిల్లల్ని బొమ్మల్లా ఆడించి ఉంటే ఇది నాలుగు పేజీల నీతికథగా మిగిలేది. ముందు ఒళ్లు, ఇరుకు ఇల్లు, సూటిపోటి మాటలు, మరుగుదొడ్డికి కూడా ఇద్దరూ కలిసి వెళ్లాల్సిన సిగ్గు. ఇవన్నీ నమ్మించాకే దేశం గుర్తొస్తుంది.

ఆపరేషన్ బల్ల మీద నుంచి జ్లాతా ఒక్కతే ప్రాణాలతో లేస్తుంది. ఈ సంగతి ముందే తెలిసినా నవల బలం తగ్గదు. ఆ తర్వాతి భాగంలో మాత్రం కథ పట్టు కొంత సడలిందనే నా అభిప్రాయం. సంఘటనలు ఎక్కువై ఒకదానినొకటి తోసుకుంటాయి. కానీ అక్క లేని తల బరువును జ్లాతా మోసే పేజీలు వచ్చినప్పుడల్లా ఆ లోపం మరిచిపోతాం.

ఈ నవలకు 2013లో యూరోపియన్ యూనియన్ సాహిత్య పురస్కారం వచ్చింది. క్రిస్టీనా క్రేమర్ ఇంగ్లీషు అనువాదం 2016లో అచ్చయింది. తలలు అతుక్కుని పుట్టిన ఆడపిల్లల వార్తల్ని తెలుగు పత్రికల్లో మనం ఏళ్ల తరబడి చదివాం. వైద్యుల మాటలు విన్నాం, ఖర్చుల లెక్కలు విన్నాం. ఆ పిల్లల వైపు నుంచి లోకం ఎలా ఉంటుందో ఊహించిన ఈ పుస్తకాన్ని ఇంగ్లీషు మీదుగానైనా తెలుగులోకి తేవడానికి మన అనువాదకుల్లో ఎవరైనా పూనుకోవాలి.