ఏ జాబితాలో ఉన్నాం మేం?

మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి ఆపేస్తున్నామని 2022 డిసెంబర్ 8న లోక్‌సభలో అప్పటి మైనారిటీ వ్యవహారాల మంత్రి స్మృతి ఇరానీ జవాబిచ్చారు. మైనారిటీ విద్యార్థులకు వేరే ఫెలోషిప్పులు ఎలాగూ అందుతున్నాయి, ఇది వాటితో ‘ఓవర్‌ల్యాప్’ అవుతోంది. సారాంశం ఇంతే. కవిత్వంలో ఒక్క పదం పట్టుకుని పది పేజీల విమర్శ రాసేవాళ్లున్నారు మనలో. సర్కారు వాడిన పదాన్ని మాత్రం ఎవరూ అలా చదవరు. మేం చదవదలుచుకున్నాం.

ఓవర్‌ల్యాప్ ఎక్కడ? ముందు ఎస్.సి. ఫెలోషిప్ చూద్దాం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువుల్ని మాత్రమే ఎస్.సి.లుగా ఒప్పుకుంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. ముస్లిముల్ని, క్రైస్తవుల్ని ఇప్పటికీ బయటే నిలబెట్టారు. మెహతర్ సాయిబు చేతిలో చీపురు అదే, ఊడ్చే వీధి అదే, సర్టిఫికెట్ మాత్రం వేరు. ఆ ఇంటి బిడ్డకి ఈ ఫెలోషిప్ అందదు.

సరే, ఓ.బి.సి. ఫెలోషిప్ ఉందిగా అంటారు. దూదేకులవాళ్లు కేంద్రం జాబితాలో ఉన్నారు, నిజమే. మరి షేకులు? 2007 చట్టంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. ఆ వెనకబాటుతనం రాష్ట్రం సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. కేంద్రం ఓ.బి.సి. జాబితాలో మన షేకుల పేరు లేదు. హైదరాబాద్‌లో వెనకబడినవాడు రైలెక్కి ఢిల్లీలో దిగేసరికి ముందుకొచ్చేసినట్టు లెక్క! ఇక మిగిలింది అందరితో పాటు నెట్ రాసి తెచ్చుకునే జె.ఆర్.ఎఫ్. ఆ తలుపు ఎంత బార్లా తెరిచి ఉందో 2006లో సచార్ కమిటీ చెప్పింది. దేశంలోని పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివే 25 మందిలో ఒకరు, పీజీ చదివే 50 మందిలో ఒకరు ముస్లిం. పీజీ దాకానే రాలేనివాళ్లు పీహెచ్‌డీ మెట్టు మీద ఎవరితో పోటీపడతారు?

ఆ నివేదిక తర్వాత 2009లో వచ్చింది ఈ ఫెలోషిప్. యు.జి.సి.ని ప్రారంభించిన ఆజాద్ పేరు మీద, యు.జి.సి. ద్వారానే ఇచ్చారు. 2014-15 నుంచి 2021-22 దాకా ఎనిమిదేళ్లలో ఎంపికైనవాళ్లు 6,722 మంది. దేశం మొత్తం మీద, ఆరు మతాలకీ కలిపి. ఏడాదికి 840 మంది. ఇది మోయలేని బరువైందన్నమాట!

చివరి రోజుల్లో మొదటి రెండేళ్లకి నెలకి 31,000 రూపాయలు, తర్వాత మూడేళ్లకి 35,000. ఈ అంకెలు మా ఇళ్లలో ఏం పని చేశాయో బయటివాళ్లకి తెలియదు. వెల్డింగ్ షాపు నడిపే అబ్బాకి, మిషన్ కుట్టే అమ్మీకి పీహెచ్‌డీ అంటే ఏమని చెప్పాలి? ‘ఇంకా చదువేంట్రా, షాపులో కూచోరా’ అంటారు. నెల నెలా డబ్బొస్తుందంటే మాత్రం అర్థమవుతుంది. ఆడపిల్లల సంగతి మరీను. రిష్తాలు వస్తూనే ఉంటాయి, ఖాలాలూ ఫుప్పూలూ పోరుతూనే ఉంటారు. ఇంటికి డబ్బు పంపే పిల్లని ‘ఇంకో రెండేళ్లు ఆగుదాం’ అనగలరు. అడిగే పిల్లని అనలేరు. ఈ పథకంలో 30 శాతం ఆడవాళ్లకని రాశారు. అది కాగితం మీది కోటా మాత్రమే కాదు, నిఖాని వాయిదా వేయించగల గడువు. థీసిస్‌కి అసలు గండం నాలుగో ఏడాదిలో వస్తుంది. తిరగడం, సేకరించడం అయిపోయి ఒక్కచోట కూచుని రాయాల్సిన కాలం. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఓపిక అయిపోతుంది.

1991లో ‘పుట్టుమచ్చ’, 1998లో ‘జల్‌జలా’ ఏ ఫెలోషిప్పూ లేకుండానే వచ్చాయి కదా అని ఒక మిత్రుడు వాదించాడు. కవిత్వం షాపు మూసేశాక రాత్రి రాయొచ్చు భాయ్. పీర్ల పండగ మీద, దూదేకుల ఇళ్ల తెలుగు మీద, పాతబస్తీ కార్ఖానాల మీద పరిశోధన రాత్రిపూట కుదరదు. ఊళ్లు తిరగాలి, ఆర్కైవ్స్‌లో కూచోవాలి. మేం రాయకపోతే మా గురించి ఎవరూ రాయరని కాదు. రాస్తారు. మమ్మల్ని ఫుట్‌నోట్‌లో పెట్టి రాస్తారు.

ఈ పథకం గొప్పదని మేం అనడం లేదు. మాలోని మెహతర్లకి, ఫకీర్లకి అందులో విడిగా చోటు లేదు. ముస్లిములంతా ఒకే ముద్ద అనుకోవడంలో సర్కారుకీ మా అష్రాఫ్ పెద్దలకీ తేడా లేదు. ఆ మాట ఎవరైనా అడిగి దాన్ని సరిచేయమని ఉంటే బావుండేది. మా సెక్యులర్ మిత్రులు అదీ అడగలేదు. మసీదు కూలితే మా పక్కన నిలబడ్డవాళ్లే, ఫెలోషిప్ పోతే ‘మతం పేరుతో స్కాలర్‌షిప్పులు ఎంతవరకు సబబు’ అని నసిగారు. మా మీద జరిగే హింస కనిపిస్తుంది గానీ మా చదువు ఆగిపోవడం కనిపించదు.

అప్పటికే ఎంపికైనవాళ్లకి గడువు తీరేదాకా ఇస్తామన్నారు. 2025లో వాళ్లే నెలల తరబడి స్టైపెండు రాలేదని రోడ్డెక్కాల్సి వచ్చింది.

ఒకే విద్యార్థి రెండు ఫెలోషిప్పులు తీసుకునే వీలు మొదటినుంచీ లేదు. అలాంటప్పుడు ఆ 6,722 మందిలో ఎందరికి ఏ ఇతర ఫెలోషిప్ దొరికి ఉండేదో మంత్రిత్వశాఖ కులంవారీగా, రాష్ట్రంవారీగా లెక్క తీసి పార్లమెంటు ముందు పెట్టాలి. అందులో మన షేకుల పేరు ఏ వరసలో రాస్తారో చూస్తాం.