ప్లగ్గు రంగు చూసి చెప్పే విద్య

"పెద్ద కార్బరేటర్ ఎక్కియ్యాలె భాయ్" అంటూ ఆర్‌ఎక్స్ 100ను తోసుకొచ్చిన కుర్రవాడికి పాతబస్తీ ఉస్తాద్ వెంటనే జవాబు చెప్పడు. పానా అందుకుని ప్లగ్గు విప్పుతాడు. దాన్ని వెలుతురుకి తిప్పి, నడుమనున్న పింగాణీ ముక్కు ఏ రంగులో ఉందో చూస్తాడు. పాలు కాస్త తక్కువ పోసిన చాయ్ రంగులో ఉంటే ఇంజన్ తిన్నది అరిగించుకుంటోందన్నమాట. మసి పట్టి తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. సున్నం వేసిన గోడలా తెల్లబడి ఉంటే మాత్రం ఉస్తాద్ ముఖం మారుతుంది. పెట్రోలు చాలక ఇంజన్ లోలోపల మాడుతోంది. అలాంటి బండికి కొత్త కార్బరేటర్ సంగతి తరవాత. ముందు గాలి ఎటునుంచి దొంగతనంగా చొరబడుతోందో పట్టుకోవాలి.

లాల్‌దర్వాజా నుంచి శాలిబండ మీదుగా ఫలక్‌నుమా వైపు పోయే దారుల్లో, రోడ్డు పక్క షెడ్ల ముందు నిలబడి ఈ తంతు ఎన్నోసార్లు చూశాను. అటు ఒక బస్తీ పేరే ఇంజన్ బౌలి. ఆ పేరు వినబడితే చాలు, నాకు ఈ మెకానిక్కులే కళ్లముందు మెదులుతారు. వీళ్లు చేసేదాన్ని లోకం రిపేరు అంటుంది. నేను విద్య అంటాను. బండలూ గుట్టలూ ఎక్కే టూ-స్ట్రోక్ బండికి కార్బరేటర్ మార్చడమంటే పెద్దది తెచ్చి బిగించడం కాదని, ఆ ఇంజన్ ఎంత ఊపిరి పీల్చగలదో కనిపెట్టి అంతే ఇవ్వడమని నాకు నేర్పింది ఈ షెడ్లే.

ఈ విద్య పెరిగింది మూడు బండ్ల చుట్టూ. పోలండ్ డిజైన్‌తో ఎస్కార్ట్స్ తయారుచేసిన రాజ్‌దూత్, మైసూరు ఐడియల్ జావా వాళ్ల యెజ్డీ, 1985 చివర్లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100. ఐడియల్ జావా 1996లో మూతపడింది. పొగ నిబంధనలు బిగుసుకోవడంతో ఆర్‌ఎక్స్ 100 తయారీ కూడా ఆ ఏడే ఆగింది. 98 సీసీ ఇంజన్, 11 హార్స్‌పవర్, వంద కిలోల బరువు. ఆ తేలికదనం వల్లనే అది ఈనాటికీ గుట్టల దారి పట్టే కుర్రాళ్ల మొదటి బండి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 రావడంతో కొత్త బండ్లలో కార్బరేటర్ దాదాపుగా కనుమరుగైంది. ఆ స్థానంలో కంప్యూటర్ చెప్పినట్టు పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ వచ్చింది. కార్బరేటర్ చదవగల చేతులు ఇక ఇలాంటి బస్తీల్లోనే మిగిలాయి.

కార్బరేటర్ పనితీరు తెలియాలంటే మెకానిక్ షెడ్డు పక్కన ఉండే పెయింటర్ స్ప్రే గన్ చూస్తే చాలు. సన్నని గొంతులోంచి గాలి వేగంగా పోతే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, కింద గిన్నెలోని రంగు పైకి లేచి తుంపరగా చిమ్ముతుంది. కార్బరేటర్‌లో రంగుకు బదులు పెట్రోలు. గాలి వేగమే పెట్రోలును పైకి లాగుతుంది. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే తక్కినదంతా దానంతటదే విడివడుతుంది.

ఆర్‌ఎక్స్ 100కి వచ్చే మికుని కార్బరేటర్ గొంతు 20 మిల్లీమీటర్లు. మార్కెట్లో 24, 26, 28 దొరుకుతాయి. 28 బిగిస్తే గొంతు వైశాల్యం దాదాపు రెండింతలవుతుంది. రేస్ పూర్తిగా తిప్పి, ఇంజన్ గట్టిగా తిరుగుతున్నప్పుడు ఆ గొంతు నిండా గాలి పోతుంది, బండి దూసుకెళ్తుంది. కానీ గుట్ట మొదట్లో, రాయి మీద ముందు చక్రం ఆనించి మెల్లగా రేస్ ఇచ్చే క్షణంలో? అంత చిన్న ఇంజన్ పీల్చే కొద్దిపాటి గాలి ఆ పెద్ద గొంతులో నింపాదిగా నడుస్తుంది. వేగం లేదు కనుక పెట్రోలు పైకి లేవదు. బండి ఒక్క క్షణం గొంతు పట్టుకుపోయినట్టు ఆగి, తరవాత ఒక్కసారిగా ఎగురుతుంది. సాఫీ రోడ్డు మీద అది చిరాకు. బండరాళ్ల మధ్య అది పడిపోవడం.

నేనొకసారి లెక్క వేసి చూశాను. కొండదారుల పోటీల్లో పేరు మోసిన కేటీఎం 300 ఎండ్యూరో బండి ఇంజన్ 293 సీసీ. ఇంజెక్షన్ రాకముందు దానికి చాలా ఏళ్లు వాడింది 36 మిల్లీమీటర్ల కెయ్‌హిన్ కార్బరేటర్. అంటే ఒక్కో సీసీకి సుమారు మూడున్నర చదరపు మిల్లీమీటర్ల గొంతు. ఆర్‌ఎక్స్ 100కి ఫ్యాక్టరీ ఇచ్చిన 20తో లెక్కవేస్తే 3.2 వస్తుంది. ప్రపంచంలోని గట్టి ఆఫ్‌రోడ్ బండికీ మన పాత ఆర్‌ఎక్స్‌కీ నిష్పత్తి ఇంచుమించు ఒకటే! అదే 28 వేస్తే ఆరు దాటిపోతుంది. "ఇరవై నాలుగుకు మించొద్దు" అని ఉస్తాద్‌లు ఎందుకంటారో ఆ రోజు కాగితం మీద నాకు అర్థమైంది. వాళ్లు లెక్క కట్టి చెప్పలేదు, ఎన్నో బండ్లు విని చెప్పారు.

పెద్దది వద్దంటే మరి మార్చేదేమిటి? స్లైడ్ ఆకారం మార్చొచ్చు. మామూలు మికునిలో రేస్ వైరు లాగే స్లైడ్ గుండ్రటి డబ్బాలా ఉంటుంది. పలకలాంటి స్లైడ్ ఉన్న రకాల్లో, కొద్దిగా తెరిచినప్పుడు గాలికి అడ్డు తక్కువ, పికప్ వెంటనే అందుతుంది. అంతకన్నా ముందు పాత కార్బరేటర్ స్లైడ్ అరిగిందేమో చూడాలి. ముప్పై ఏళ్ల బండిలో స్లైడ్ లొడలొడలాడుతుంటే ఎంత ట్యూనింగ్ చేసినా నిలవదు. కార్బరేటర్ మారిస్తే ఇంజన్ వైపు రబ్బరు గొట్టం కూడా దానికి సరిపడాలి. లోపల మెట్టులాంటి అంచు మిగిలితే గాలి అక్కడ సుడి తిరుగుతుంది. పాత రీడ్ వాల్వ్ రేకులు పెచ్చులూడి ఉంటే అవీ మార్చాలి.

ఇక అసలు పని జెట్లది, అంటే పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కలది. రేస్ ఎంత తిప్పామన్నదాన్ని బట్టి కార్బరేటర్‌లో ఒక్కో భాగం పెత్తనం తీసుకుంటుంది. ఐడిలింగ్ నుంచి పావు రేస్ దాకా స్లో జెట్టు, ఎయిర్ స్క్రూ. పావు నుంచి ముప్పావు దాకా స్లైడ్‌కు వేలాడే నీడిల్. అక్కడి నుంచి పూర్తి రేస్‌కు మెయిన్ జెట్టు. సరిహద్దులు గీత గీసినట్టుండవు, ఒకదానిలోకి ఒకటి జారతాయి. బండలెక్కేవాడి చెయ్యి ఎక్కువసేపు ఎక్కడుంటుంది? సగం రేస్ లోపలే. అయినా కుర్రాళ్లు అడిగేది మెయిన్ జెట్టు గురించే! మంచి మెకానిక్ ఆ ప్రశ్నను పక్కన పెట్టి స్లో జెట్టుతో మొదలుపెడతాడు.

ఇంజన్ బాగా వేడెక్కాక ఎయిర్ స్క్రూను మెల్లగా తిప్పుతాడు. మికునిలో ఇది గాలిని అదుపు చేసే స్క్రూ. లోపలికి బిగిస్తే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది, వదులు చేస్తే ఉల్టా. ఒకచోట ఇంజన్ దానంతటదే చురుకుగా తిరుగుతుంది. అది చెవికి తెలుస్తుంది. పూర్తిగా బిగించిన చోటినుంచి ఒకటిన్నర చుట్ల దగ్గర ఆ చోటు దొరికితే స్లో జెట్టు సరిగ్గా ఉన్నట్టు. అర చుట్టు దాటకముందే దొరికితే జెట్టు చిన్నది, మూడు చుట్లు దాటినా దొరక్కపోతే పెద్దది. తరవాత నీడిల్. దాని తల దగ్గర గాట్లుంటాయి, క్లిప్‌ను ఒక గాటు కిందికి మారిస్తే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. టూ-స్ట్రోక్‌లో పెట్రోలు ఎక్కువైతే సగం రేస్ దగ్గర బండి నత్తిగా "బుడబుడ" అంటుంది. ఒక చుట్టుకు పేలి ఒకటి వదిలేస్తున్నట్టుంటుంది. తక్కువైతే గొంతు పలచబడి, కీచుమని, రేస్ వదిలినా వెంటనే దిగదు. ఈ రెండు శబ్దాల మధ్య ఉన్న సందులోనే ఉస్తాద్‌తనమంతా ఉంది.

మెయిన్ జెట్టుకు ఖాళీ రోడ్డు కావాలి. పూర్తి రేస్‌లో కొంతదూరం పోయి, రేస్ వదలకుండానే క్లచ్ పట్టి ఇంజన్ ఆపేసి, అక్కడే ప్లగ్గు విప్పి చూడాలి. ఐడిలింగ్ మీద ఇంటిదాకా వచ్చి చూస్తే కనిపించేది స్లో జెట్టు రంగే. ఎప్పుడూ పెద్ద జెట్టుతో మొదలుపెట్టి కిందికి దిగాలి. చిన్నదానితో మొదలుపెట్టి పైకి పోతే మధ్యలోనే పిస్టన్ పట్టేస్తుంది. రాజ్‌దూత్‌లోనూ, ఆయిల్‌కింగ్ తప్ప తక్కిన యెజ్డీల్లోనూ ఆయిల్ పెట్రోల్లోనే కలిపి పోస్తారు కదా. పెట్రోలు తగ్గితే వేడి పెరగడమే కాదు, ఆయిలూ తగ్గుతుంది. రెండూ ఒకేసారి.

నేనూ ఒకప్పుడు సగం ధరకు దొరికిందని పలక స్లైడ్ కార్బరేటర్ ఒకటి కొని, లోపల ఏ జెట్టు ఉందో చూడకుండా బిగించాను. అరగంటలో పిస్టన్ పట్టేసింది. రీబోర్ అయ్యాక ఉస్తాద్ ఆ కార్బరేటర్‌ను పారేయలేదు. విప్పి జెట్లన్నీ ట్రేలో పరిచి, నంబర్లు నాచేతే చదివించి, వాటిలో రెండు మార్చాడు. అదే కార్బరేటర్‌తో బండి ఇప్పటికీ నడుస్తోంది.

గుట్టల మీద ఇంకో చిక్కుంది. బండి నిక్కినప్పుడు, వాలినప్పుడు గిన్నెలో పెట్రోలు ఒక పక్కకు చేరుతుంది. గిన్నెలో పెట్రోలు ఎత్తును నిలిపే ఫ్లోట్ మట్టం ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా ఎక్కుడులో ఇంజన్ ఎండిపోతుంది, లేదా ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోలు కారుతుంది. రోడ్డు బండికి ఎవరూ పట్టించుకోని ఈ కొలతను ఆఫ్‌రోడ్ బండికి స్కేలు పెట్టి సరిచూస్తారు. ఇక దుమ్ము. సౌండు కోసం ఎయిర్ ఫిల్టర్ పీకేసే అలవాటు చూస్తే నాకు నిజంగా కడుపు మండుతుంది. ఫిల్టర్ తీస్తే గాలి ఎక్కువై మిశ్రమం పలచబడుతుంది, మన గుట్టల రాతిపొడి నేరుగా పోయి బోరు గీకుతుంది. ఆయిల్ పట్టించిన స్పాంజి ఫిల్టర్ వేసి, దానికి తగ్గ జెట్టు పెట్టాలి. రెండూ కలిస్తేనే ఒక పని.

పోయిన కొన్నేళ్లలో పాత లెక్కలన్నీ ఒక మెట్టు కదిలాయి. బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కావాలి. ఈ కొత్త పెట్రోలుకు సుమారు పదమూడున్నర చాలు. అంటే అదే జెట్టుతో బండి ఎనిమిది శాతం దాకా పలచగా నడుస్తుందన్నమాట. అందుకే ఫ్యాక్టరీ జెట్టు నంబరే సరైనదని పట్టుబట్టేవాళ్ల ప్లగ్గులు తెల్లబడుతున్నాయి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బర్లను ఉబ్బిస్తుంది. నెల రోజులు బండి తీయకపోతే గిన్నె అడుగు స్క్రూ విప్పి ఖాళీ చేయమని ఇక్కడ ఇప్పుడు అందరికీ చెబుతున్నారు.

ఈ విద్యలో షాగిర్ద్, అంటే శిష్యుడి, మొదటి పని కడగడం. ట్రేలో పెట్రోలు పోసుకుని జెట్లు ముంచి, ఊది, ఎండకు పెట్టి రంధ్రం గుండ్రంగా కనబడుతోందా అని చూడడం. ఇనుప తీగతో పొడవకూడదన్నది మొట్టమొదటి పాఠం. ఇత్తడి మెత్తన, ఒక్క పోటుకే రంధ్రం పెద్దదై నంబరు అబద్ధమైపోతుంది. ఆ తరవాత కొన్నేళ్లు వినడం. స్క్రూడ్రైవర్ చేతికిచ్చేది చివర్లో. విడిభాగాల కోసం పుత్లీబౌలి, రాణిగంజ్ తిరగడం, అక్కడా లేనివి జుమ్మెరాత్ బజార్ కుప్పల్లో వెతకడం కూడా చదువులో భాగమే. కుప్పలోంచి తీసిన కార్బరేటర్ స్లైడ్‌ను వేలితో కదిపి అరుగుదల చెప్పే పద్నాలుగేళ్ల పిల్లవాడిని చూశాను. ఏ సర్టిఫికెట్ మీదా రాయలేని నేర్పు అది.

టూ-స్ట్రోక్ పొగ సంగతి దాచను. లోపలికి వచ్చిన తాజా మిశ్రమంలో మూడో వంతు దాకా కాలకుండానే సైలెన్సర్‌లోకి జారిపోవడం ఈ ఇంజన్ పుట్టుకతో వచ్చిన లోపం. జెట్టు ఎంత సరిచేసినా అది పూర్తిగా పోదు. కానీ ఉన్న బండి ఉన్నన్నాళ్లు, నత్తిగా బుడబుడలాడుతూ నల్లగా కక్కే బండికీ చాయ్ రంగు ప్లగ్గుతో నడిచే బండికీ మధ్య తేడా వెనక నడిచేవాడి ఊపిరికి తెలుస్తుంది. ఆ తేడా తెచ్చేది ఈ చేతులే.

పోయిన మే నెలలో నా బండి ట్యూనింగ్ అయ్యాక ఉస్తాద్ పాత మెయిన్ జెట్టును పాత పేపరు ముక్కలో చుట్టి, పైన పెన్సిల్‌తో నంబరు రాసి నా జేబులో పెట్టాడు. కొత్తగా వేసింది దానికంటే చిన్నది. నలభై మూడు డిగ్రీల ఎండలో గాలి, పదమూడు డిగ్రీల జనవరి పొద్దుటి గాలికంటే దాదాపు పదో వంతు పలచన. ఎండాకాలం జెట్టు చలికి చాలదు. విశాఖ సముద్రమట్టానికి తీసుకుపోయినా అంతే, ఐదువందల మీటర్ల ఎత్తున ఉన్న మన ఊరి గాలి కంటే అక్కడి గాలి చిక్కన.

"సంభాల్ కే రఖ్ బేటా," అన్నాడు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ. "సంక్రాంతి ముంగట పట్కరా, మార్చుదాం."