సోడా తాగితే సర్దుకోదు, పిన్నీ

మన ఇళ్ళల్లో సోడా అంటే దాహానికి కాదు, మందుకింద లెక్క. పెళ్ళిభోజనంలో రెండు గారెలు ఎక్కువైనా, బిర్యానీ కాస్త బరువుగా అనిపించినా ఎవరో ఒకరు సోడా తాగమంటారు. బండి దగ్గర అబ్బాయి గోలీని నొక్కగానే కీచుమని గాలి, నిమ్మరసం పిండి ఉప్పు వేయగానే గ్లాసు అంచు దాటే నురగ. గడగడా తాగేశాక ఒక పెద్ద త్రేన్పు. డబ్బులిచ్చేది ఆ త్రేన్పుకే.

బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాక నాకు స్వీట్ల మీద పెద్దగా మనసు పోలేదు గానీ, ఆ త్రేన్పు మీద మాత్రం పోయింది. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువునా కోసి ముప్పావువంతు పైగా తీసేస్తారు. మిగిలేది అరటికాయంత గొట్టం. తీసేసిన ముక్కలో పైనుండే ఉబ్బెత్తు భాగం కూడా పోతుంది. మింగిన గాలి చేరేది అక్కడే. ఆ భాగం సాగినప్పుడే జీర్ణాశయం పైమూత క్షణంపాటు సడలి త్రేన్పు వస్తుంది. అంటే ఆపరేషన్‌లో పోయింది ఆకలి ఒక్కటే కాదన్నమాట!

కోలాలో దాని పరిమాణానికి మూడున్నర రెట్ల గ్యాస్ కరిగి ఉంటుంది. 200 మిల్లీలీటర్లు తాగితే దాదాపు 700 మిల్లీలీటర్ల గ్యాస్. కొంత గ్లాసులోనే పోయిందనుకున్నా, లోపలి గొట్టంలో పట్టేదే 100 నుంచి 150. మిగతాది ఎటు పోవాలి? రొమ్ము ఎముక వెనక పట్టేసి కూర్చుంటుంది. త్రేన్పు వచ్చినా అది పులితేన్పే. స్లీవ్ తర్వాత చాలామందికి ఛాతీమంట ఎలాగూ ఉంటుంది, దానికిది తోడు.

'సోడా తాగితే పొట్ట మళ్ళీ సాగిపోతుంది' అని భయపెట్టేవాళ్ళున్నారు. నాకది నచ్చదు. దానికి గట్టి రుజువు లేదు. పేషెంటు ఒకసారి తాగి చూస్తాడు, ఏమీ సాగదు, ఆ తర్వాత మిగతా జాగ్రత్తల్నీ గాలికొదిలేస్తాడు. నొప్పి, మంట, పంచదార అని ఉన్నమాట చెబితే చాలదా? 300 మిల్లీలీటర్ల కోలాలో 30 గ్రాముల పైనే చక్కెర ఉంటుంది. స్లీవ్ కాకుండా గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవాళ్ళయితే అది పేగుల్లోకి ఒక్కసారిగా దిగి చెమటలు, గుండెదడ, విరేచనాలు.

ఇవన్నీ మా పిన్నికి చెప్పాను. "అయితే ఈనో వేసుకోరా" అంది. అదీ గ్యాసే పిన్నీ అన్నాను. డైట్ కోలాలో చక్కెర లేకపోయినా గ్యాస్‌కి లోటుండదు. చెంచాతో తిప్పితిప్పి నురగ చంపి తాగే మిత్రుడొకడున్నాడు. అలా చేశాక మిగిలేది రంగు పానకం. దానికోసం ఆ తంటాలెందుకో!

సోడాయే కాదు, నీళ్ళు కూడా గడగడా తాగడానికి లేదు. ఆస్పత్రిలో మొదట 30 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ కప్పు చేతిలో పెట్టి, గుటక గుటకగా తాగమన్నారు. అన్నంతోపాటు నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. ఇలా రోజుకు లీటరున్నర చేరాలంటే పొద్దస్తమానం అదే పని. గ్లాసెత్తి గటగటా తాగడం నలభయ్యేళ్ళు దాటినవాడికి పుట్టుకతో వచ్చిన అలవాటు కిందే లెక్క, చెయ్యి మాట వినదు. నాకు దారి చూపింది పల్చటి మజ్జిగ. అల్లం, కరివేపాకు నలిపి వేస్తే ఘాటుంటుంది, గుటకైనా నోట్లో కాసేపు నిలుస్తుంది.

విందుల్లోనే చిక్కు. లోపలికి అడుగు పెట్టగానే చేతికందించేవన్నీ బుడగల గ్లాసులే. మజ్జిగ అడిగితే "చివర్లో, పెరుగన్నం దగ్గర ఉంటుంది సార్" అంటారు. నేనిప్పుడు వరస దాటుకుని ముందు అక్కడికే పోతున్నాను.