మీట మీది మాట

భాష వొక వర్గానిది కాదు, జాతి అంతటిదీ అని 1950లో స్టాలిన్ వాదించాడు. అయితే వర్గాలు భాషపట్ల వుదాసీనంగా వుండవనీ, తమ ప్రత్యేక పదజాలాన్ని దానిమీద రుద్దటానికి ప్రయత్నిస్తాయనీ ఆ చర్చలోనే అన్నాడు. యీ రెండో మాటకు మంచి వుదాహరణ నేడు మన చేతిలోని ఫోను.

ఫేస్‌బుక్ 2004లో అమెరికాలో, హార్వర్డ్ విద్యార్థుల మధ్య పుట్టింది. దాని మీటలమీద సహవిద్యార్థుల మాటతీరే కనిపిస్తుంది. ముఖపరిచయం వుంటే చాలు, 'ఫ్రెండ్'. తోటివాణ్ణి వేలితో పొడిచి పలకరించటం 'పోక్'. 2009లో 'లైక్' వచ్చింది. స్నేహం తెంచుకోవటానికి పుట్టిన 'అన్‌ఫ్రెండ్'ను న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ నిఘంటువు ఆ సంవత్సరమే యేటి మాటగా యెన్నుకొంది. 2015లో ట్విట్టర్ నక్షత్రం తీసి హృదయం పెట్టింది. 'ఫేవరిట్' పోయి అక్కడా 'లైకే' వచ్చింది. వొక దేశపు కుర్రకారు మాట దేశదేశాల క్రియాపదమయింది.

యాసను నిందించటం మన పని కాదు. గిడుగు రామమూర్తి 1919లో 'తెలుగు' పత్రిక నడిపింది వాడుకమాట హక్కుకోసమే. మన విద్యార్థులు 'డిలీట్ కొట్టు', 'స్టేటస్ పెట్టాడు' అంటే పదిమందికీ తెలుస్తుంది. తెలుగు తెరమీద 'ధృవీకరించు' అని కనిపిస్తే మాత్రం మా అమ్మ ఫోను నా చేతికిస్తుంది: "యిదేదో ఆఫీసు కాయితంలా వుంది, నువ్వే చూడు నాయనా."

మరి తప్పెక్కడుంది? యాసను యెక్కడ వాడుతున్నారు, యెక్కడ మానేస్తున్నారు అన్నదాంట్లో వుంది. లోపలికి రమ్మనే మీటమీద స్నేహితుడి గొంతు. మన వివరాలు తీసుకొని యేం చేస్తారో చెప్పే షరతుల పత్రంలో ప్లీడరు గొంతు. 'సరే' అనటానికి వొక్క నొక్కు చాలు. దేనికి సరే అన్నామో తెలుసుకోవాలంటే పేజీలకు పేజీలు చదవాలి. వూళ్లో వడ్డీవ్యాపారి గుమ్మంలో "బావా" అనే పలకరిస్తాడు. ప్రాంసరీ నోటు మాత్రం దస్తావేజు భాషలోనే రాయిస్తాడు. యీ వ్యాపారమూ అదే.

వేరే దారి లేకపోలేదు. 2003లో మొదలయిన తెలుగు వికీపీడియాలో సభ్యులు కలిసి చర్చించుకొనే చోటుకు 'రచ్చబండ' అని పేరు. ఆ మాట కుర్రవాడికీ తెలుసు, తాతకూ తెలుసు. వొక తరానికే పరిమితం కాని మాట మన వూళ్లలోనే దొరికింది.

కాబట్టి భాషాభిమానులు మీటమీది యింగ్లీషు మాటను తెలుగు చేయించి తృప్తిపడరాదు. షరతుల పత్రం కూడా ఆ మీటంత తేటగా, మా అమ్మ చదివి "వద్దు" అనగలిగేటట్లు వుండాలని అడగాలి. వాడుకభాషా వుద్యమంలో మిగిలిపోయిన పని యిది.