నిర్దోషుల వకీలు: టెలివిజన్ నాటకాలలో న్యాయవృత్తి ధర్మం

న్యాయస్థానంలో అడుగుపెట్టినవారికన్న దానిని తెరమీద చూచినవారే ఎక్కువ. వకీలు ఎట్టివాడు, న్యాయమూర్తి ఎట్టివాడు అన్న అభిప్రాయం సామాన్య ప్రజలకు చాలవరకు నాటకాలనుండే ఏర్పడుతున్నది. కావున టెలివిజన్ నాటకాలు న్యాయవృత్తి ధర్మాన్ని ఏ రూపంలో చూపుతున్నాయన్నది కేవలం వినోదానికి సంబంధించిన ప్రశ్న కాదు. లోకమంతా దోషి అని నమ్మిన మనిషి పక్షాన రేపు ఒక న్యాయవాది నిలబడగలడా లేదా అన్నది కూడ కొంతవరకు దానిపై ఆధారపడి ఉన్నది.

ఈ కోవకు చెందిన నాటకాలలో అత్యంత ప్రసిద్ధమైనది ‘పెరీ మేసన్’. స్వయంగా న్యాయవాది అయిన ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ తన నవలలలో సృష్టించిన ఈ పాత్రను అమెరికాలోని సి.బి.ఎస్. సంస్థ 1957 నుండి 1966 వరకు 271 భాగాలుగా ప్రసారం చేసింది. మేసన్‌గా రేమండ్ బర్ నటించాడు. కథ నడక ఇంచుమించు ప్రతిసారీ ఒక్కటే. హత్య జరుగుతుంది, అమాయకుడు పట్టుబడతాడు, మేసన్ ప్రశ్నల ధాటికి తట్టుకోలేక అసలు హంతకుడు నిండు న్యాయస్థానంలో నేరం ఒప్పుకుంటాడు. ప్రాసిక్యూటరు హామిల్టన్ బర్గర్ తలవంచుకుని వెళ్లిపోతాడు.

ఈ నాటకం చేసిన మేలును తక్కువ చేయరాదు. పోలీసులు పట్టుకున్నంత మాత్రాన మనిషి దోషి కాడన్న సత్యాన్ని అది కోట్లాది ఇళ్లకు చేరవేసింది. అయితే దానితోపాటే రెండు పొరపాటు భావాలను కూడ చేరవేసింది. చట్టం ప్రకారం నేరాన్ని రుజువు చేయవలసిన భారం ప్రాసిక్యూషన్‌పై ఉంటుంది. ముద్దాయి ఏమీ రుజువు చేయనక్కరలేదు. మేసన్ లోకంలో మాత్రం మరొక దోషిని వెదకి తెచ్చి చూపితేనే గాని ముద్దాయికి విముక్తి లేదు. ఇది మొదటి పొరపాటు. మేసన్ కక్షిదారు నిర్దోషి అని ప్రేక్షకునికి ముందే తెలుసు. అందుచేత అతడు సాక్ష్యాల విషయంలో హద్దుల అంచున నడచినా తప్పుగా తోచదు. దోషి పక్షాన వాదించవలసి వస్తే న్యాయవాది ఏమి చేయాలన్న అసలు ప్రశ్న అక్కడ పుట్టనే పుట్టదు. ఇది రెండవది. పరీక్షకు నిలబడని నీతిని నీతి అని ఎట్లా అనగలం?

ఆ ప్రశ్నను ఎదుర్కొన్న నాటకం అదే సంస్థ 1961 నుండి 1965 వరకు ప్రసారం చేసిన ‘ది డిఫెండర్స్’. రెజినాల్డ్ రోజ్ రూపొందించిన ఈ నాటకంలో తండ్రీకొడుకులైన ఇద్దరు న్యాయవాదులు తరచు నేరం చేసినవారి పక్షాననే నిలబడతారు. కొన్నిసార్లు ఓడిపోతారు కూడ. చట్టం ఒకటి చెప్పి, మనస్సాక్షి మరొకటి చెప్పినప్పుడు ఏమి చేయాలన్నది అక్కడి చర్చ. దానికి చెల్లించిన మూల్యమూ ఉన్నది. గర్భస్రావం చేసిన వైద్యుని విచారణను చూపిన 1962 నాటి భాగానికి ప్రకటనలిచ్చే సంస్థలు వెనుదిరిగాయి. మేసన్‌కు అట్టి చిక్కు రాలేదంటే ఆశ్చర్యమేమి? నిర్దోషిని కాపాడేవానితో ఎవరికి పేచీ?

బ్రిటన్‌లో ఈ పని మరొక తీరున జరిగింది. బారిస్టరైన జాన్ మార్టిమర్ రచించిన ‘రంపోల్ ఆఫ్ ది బెయిలీ’ 1978 నుండి 1992 వరకు ప్రసారమైంది. రంపోల్ ప్రాసిక్యూషన్ తరఫున వాదించడు. టిమ్సన్ అనే చిల్లర దొంగల కుటుంబం అతని నిత్య కక్షిదారులు. కక్షిదారు తన నేరాన్ని తానే ఒప్పుకుంటే, అతడు ఆ పని చేయలేదని బారిస్టరు వాదించరాదు. సాక్ష్యం చాలదని మాత్రం వాదించవచ్చును. అబద్ధమాడకుండ దోషికి సైతం రక్షణ కల్పించే ఈ సన్నని గీతను ప్రేక్షకునికి నవ్విస్తూ తెలిపిన ఘనత మార్టిమర్‌ది.

న్యాయమూర్తి విషయానికి వస్తే ఈ నాటకాల పేదరికం మరింత స్పష్టమవుతుంది. రంపోల్ ఎదుట కూర్చునే బుల్లింగ్‌హామ్ ముక్కోపి. ప్రాసిక్యూషన్ వైపు మొగ్గేవాడు. అతనిని చూసి నవ్వుకుంటాము గాని మంచి న్యాయమూర్తి ఎట్లా ఉండాలో నేర్చుకోము. మరికొన్ని చోట్ల న్యాయమూర్తి పని కొయ్యసుత్తితో బల్లను కొట్టడమే. ఇంగ్లండులోగాని భారతదేశంలోగాని న్యాయమూర్తులకు ఆ సుత్తి అలవాటే లేదు! న్యాయమూర్తి నడవడిని గురించి ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ‘అదబుల్ ఖాదీ’ పేరిట ఒక ప్రత్యేక వాఙ్మయమే వెలసింది. తొమ్మిదవ శతాబ్దికి చెందిన అల్ ఖస్సాఫ్ ఆ పేరుతో గ్రంథం రచించాడు. కోపంలో తీర్పు చెప్పరాదు, కక్షిదారులనుండి కానుకలు పుచ్చుకోరాదు, ఇరుపక్షాలనూ చూపులోను ఆసనంలోను సమానంగా చూడాలి అన్నవి ఆ వాఙ్మయంలోని ప్రధాన విధులు. ఇవన్నీ నిగ్రహానికి సంబంధించినవి. నిగ్రహాన్ని చిత్రించడం నాటకానికి కష్టం. కాని కష్టమైనదాన్ని వదలివేయడం కళ కాదు.

భారతదేశంలో మేసన్ బాటనే ఎక్కువమంది పట్టారు. 2010లో మొదలైన హిందీ ధారావాహిక ‘అదాలత్’లోని కె.డి. పాఠక్ సత్యం పక్షాన తప్ప నిలబడని వకీలు. వినడానికి ఇది ఉదాత్తంగానే ఉన్నది. కాని విచారణ ముగియకముందే సత్యమెవరిదో వకీలు నిర్ణయిస్తే ఇక న్యాయమూర్తి ఎందుకు? ముద్దాయి దోషి అన్న సొంత అభిప్రాయం ఉన్నప్పటికీ న్యాయవాది అతని పక్షాన వాదించాలని భారత బార్ కౌన్సిల్ నియమాలు శాసిస్తున్నాయి. నిర్దోషికి శిక్ష పడే రీతిలో ప్రాసిక్యూషన్ నడపరాదని కూడ అవే శాసిస్తున్నాయి. ఈ రెండవ నియమాన్ని చూస్తే ప్రాసిక్యూటరును నిత్యవిరోధిగా చూపడమూ సత్యదూరమే.

ఇదంతా తెరకే పరిమితమైతే బాధ లేదు. కొందరు ముద్దాయిల తరఫున తమ సభ్యులెవరూ వాదించరాదని బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేసిన సందర్భాలున్నాయి. కోయంబత్తూరులో అట్టి తీర్మానం పోలీసులకు వ్యతిరేకంగానే జరిగింది. 2010లో సుప్రీంకోర్టు, ఈ తీర్మానాలు రాజ్యాంగానికీ వృత్తిధర్మానికీ విరుద్ధమని, చెల్లవని తీర్పు చెప్పింది. న్యాయవాదులే మరచిన ధర్మాన్ని ప్రేక్షకుడు ఎక్కడ నేర్చుకుంటాడు?

నిర్దోషిని కాపాడే వకీలును మెచ్చుకోవడానికి ప్రేక్షకునికి ఏ కష్టమూ లేదు. అందరూ అసహ్యించుకునే మనిషి పక్కన, అబద్ధమాడకుండ, నిజాయితీతో నిలబడే వకీలును గౌరవించడమే కష్టం. ఆ గౌరవాన్ని నేర్పిన నాడే టెలివిజన్ నాటకం న్యాయానికి సేవ చేసినట్లవుతుంది.