మాటపట్టు పుస్తకంలో ఒక పేజీ

నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు నిత్య మాటపట్టు తీసుకున్న రోజు నేను గుడిలో వెనక వరసలో కూర్చున్నాను. పునీతుల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తూ ప్రార్థన సాగుతుంటే ఆమె పీఠం ముందు బోర్లా పడుకుని ఉంది. తర్వాత లేచి, విధేయత, పేదరికం, బ్రహ్మచర్యం జీవితాంతం పాటిస్తానని తన చేత్తో రాసుకున్న కాగితం చదివి సంతకం పెట్టింది. వాళ్లమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, వేరే కారణానికి. పెళ్లి తప్పించుకోడానికి ఆడపిల్ల ఇంత చెల్లించాలా అనుకున్నాను.

తర్వాత చాలా ఏళ్లు క్లాసులో సోర్ హువానా ఇనెస్ దె ల క్రూస్ గురించి చెప్పినప్పుడల్లా ఆ కాగితాన్ని మనసులో పెట్టుకునే చెప్పాను. పదిహేడో శతాబ్దపు మెక్సికో కవయిత్రి ఆమె. 1667లో కార్మెలైట్ మఠంలో చేరి మూడు నెలలకే బయటికొచ్చింది. 1669 ఫిబ్రవరి 24న మెక్సికో నగరంలోని పునీత జెరోము మఠంలో జీవితకాలపు మాటపట్టు చేసింది. అక్కడ వ్రతాలు మూడు కాదు, నాలుగు. నాలుగోది, చచ్చేదాకా ఆ గోడలు దాటకపోవడం.

ఎందుకు చేరిందో 1691లో ఒక పీఠాధిపతికి రాసిన లేఖలో తనే చెప్పింది. (ఆ పెద్దమనిషి అంతకుముందు ఏడాది ఆమె రాసిన ఒక విమర్శని అడక్కుండా అచ్చువేసి, ఇక లౌకిక చదువులు తగ్గించుకోమని ఒక కన్యక పేరు పెట్టుకుని హితబోధ చేశాడు. మగవాళ్లు ఆడపేరుతో రాయడం మన పత్రికలకీ కొత్త కాదు.) పెళ్లంటే తనకి పూర్తి విముఖత అనీ, మఠంలోని సందడి తన చదువుకి అడ్డొస్తుందని భయపడ్డాననీ, అయినా ఉన్నవాటిలో అదే తగిన దారి అనిపించిందనీ ఆమె రాసింది. దీన్ని పట్టుకుని, ముసుగు ఆమెకి పుస్తకాల గదికి తాళంచెవి అని నేను పాఠం చెప్పాను. కానీ ఆ వాక్యం అక్కడితో ఆగదు. తన ఆత్మ రక్షణ గురించి కోరుకున్న భరోసాకి అది తగిన దారి అంటుంది. ఆ సగాన్ని నేను ఏనాడూ బోర్డు మీద రాయలేదు. స్త్రీ మాటని కత్తిరించి మనకి కావలసినంతే ఉంచుకోవడం పితృస్వామ్యం పని అని రాసినదాన్నే ఆ పని చేశాను.

అలాగని ఆమె మాటపట్టు పేజీని కళ్లకద్దుకుని చదవమనడం లేదు. ఆ పుస్తకం ఇప్పుడు అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఉంది. అందులో ఆమె తనని సక్రమ సంతానంగా రాసుకుంది. నిజం కాదు. తల్లి ఇసబెల్ రామిరెస్ ఎప్పుడూ పెళ్లి చేసుకోలేదు, తన ఆరుగురు పిల్లలూ అలా పుట్టినవాళ్లేనని వీలునామాలో చెప్పింది. సంతకం పెట్టడం రాని ఆ తల్లి పెద్ద వ్యవసాయ క్షేత్రాన్ని నడిపింది. ఆమె దాచనిది కూతురు దేవుడికిచ్చే మాటలో దాచింది. ఆ అబద్ధం నన్ను బాధించదు. పుట్టుక అడిగి తలుపు తీసేవాళ్లకి అలాంటి జవాబే దొరుకుతుంది.

బాధించేది పక్క మాట. సొంతమైనదేదీ లేకుండా బతుకుతానని అదే పేజీలో ఉంది. ఆ ఏడాదే తల్లి ఆమెకి ఒక బానిస అమ్మాయినిచ్చింది. పేరు హువానా దె సాన్ హోసె. 1684లో కవయిత్రి ఆమెని తన అక్కకి 250 పెసోలకి అమ్మింది. వంటింట్లో గుడ్డు వేయిస్తూ కూడా ప్రకృతి రహస్యాలు గమనించానని లేఖలో రాసిన భాగం మనందరికీ ఇష్టం. ఆ గదిలో పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడింది ఏ హువానా?

1694లో ఆమె రక్తంతో సంతకం చేసి వ్రతాల్ని మళ్లీ ధ్రువపరిచింది, లోకంలో అందరికన్నా నీచురాలినని రాసుకుంది. ఒక్తావియో పాజ్ పుస్తకంలో (1982), దాని ఆధారంగా మరియా లూయిసా బెంబెర్గ్ తీసిన సినిమాలో (1990) ఇది ఓటమి, మగ పీఠాల ఒత్తిడికి విరిగిపోవడం. ఒత్తిడి నిజమే. కానీ అలా తనని తాను తిట్టుకోవడం ఆనాటి కన్యకల రాతల్లో మామూలు పలుకుబడి. పైగా పోర్చుగల్ కన్యకల కోసం ఆమె రాసిన పొడుపుకథల ప్రతి మీద 1695 అని ఉంది. విరిగిందో లేదో చెప్పడానికి ఆ ఒక్క పేజీ చాలదు.

ఇదంతా ఈ మధ్య నా స్నేహితురాలికి చెప్పాను. బళ్లో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ విన్నది. "ఆ రోజు నువ్వెందుకు ఏడ్చావో నాకు తెలుసే. నేను దేన్నుంచీ పారిపోలేదు. ఒకవేళ పారిపోయినా, ఇచ్చిన మాట మాటే కదా?" అంది. కాసేపాగి, "ఆ రెండో హువానాని ఎవరైనా ఏమన్నా అడిగారా?" అంది.

మాటపట్టు పుస్తకంలో కవయిత్రి చివరగా ఒక కోరిక రాసింది. తను చనిపోయిన రోజు, నెల, సంవత్సరం పైన వేయమని. 1695 ఏప్రిల్ 17న, మఠంలో జబ్బుపడ్డవాళ్లకి సేవచేస్తూ అదే జబ్బుతో పోయింది. ఆ రెండో హువానా ఎప్పుడు పోయిందో రాయమని అడగడానికి ఆమెకి పేజీ లేదు.